ఆధారపడినవారు

ఆపరేషనంటే తనకి భయం లేదని తాతారావు బండారులంకలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పి మరీ అమలాపురం బస్సెక్కాడు. అడగని వాళ్ళకి కూడా చెప్పాడు. అన్నిసార్లు చెప్పాడంటే లోపల ఎంతో కొంత ఉన్నట్టే లెక్క. కాని అతన్ని నిజంగా వణికించింది కత్తి కాదు, కాగితం. ఆ సంగతి డాక్టరు గారి గుమాస్తా గదిలో కూర్చుంటే గాని తెలియలేదు.

జబ్బు హెర్నియా. పొత్తికడుపు పక్కన నిమ్మకాయంత మొదలై రెండేళ్ళలో బత్తాయంత అయింది. మగ్గం గుంటలో కూర్చుని కాళ్ళతో బద్దలు తొక్కినప్పుడల్లా పేగు కిందకి జారేది. చేత్తో పైకి నెట్టుకుని మళ్ళీ తొక్కేవాడు. నాలుగు నెలల క్రితం ఇక వల్లకాక గుంటలోంచి లేచాడు, మళ్ళీ దిగలేదు. "ఇంకా నానిస్తే పేగు మెలిపడుతుందయ్యా. అప్పుడు నా దగ్గరికి తీసుకొచ్చినా లాభం ఉండదు" అని డాక్టరు గారు మొహమాటం లేకుండా చెప్పి, ఆపరేషను గురువారానికి ఖాయం చేశారు.

తాతారావు భార్య సూర్యావతి సమితి బడిలో టీచరు. అందుకని ఆపరేషను ఖర్చు సర్కారు తిరిగి ఇస్తుంది. ఆ కాగితాలన్నీ ముందుగానే సిద్ధం చేసిపెట్టడం గుమాస్తా బుచ్చిరాజు గారి పని. ఆయన ఘటికుడు. ఆయన కట్టిన బిల్లు ఎన్ని ఆఫీసులు తిరిగినా ఒక్క కొర్రీ పడదని టీచర్లలో పేరు. ఆయనకో పద్ధతి ఉంది. సంతకం పెట్టబోయే మనిషికి కాగితం మొత్తం గొంతెత్తి చదివి వినిపిస్తే గాని కలం చేతికివ్వరు. ఆ గదికి తలుపు లేదు. అవతల బల్లల మీద ఇరవై మంది రోగులు పొద్దున్నించీ కూర్చుని ఉన్నారు, వాళ్ళకి మాత్రం కాలక్షేపం కావద్దూ!

"వినండి మరి" అని బుచ్చిరాజు గారు భార్యాభర్తలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి కళ్ళజోడు సర్దుకున్నారు. "నా భర్త తాతారావు గారికి స్వంత సంపాదన ఏమియు లేదు. అన్నవస్త్రములకు పూర్తిగా నా మీదనే ఆధారపడి జీవించుచున్నారు. ఇది యథార్థము. ఇక్కడ మేడమ్ గారి సంతకమండి, కింద మీదండి. విని ఒప్పుకున్నట్టు."

తాతారావు చెవులు వేడెక్కాయి.

"వస్త్రాలకా అండీ?" అన్నాడు. "ఆవిడ కట్టుకున్న చీర నేసింది ఎవరనుకుంటన్నారు?"

"అది రూలండి. ఆ మాట లేకపోతే భర్తకి డబ్బు రాదు. అయినా నాలుగు నెలల్నించీ మీకు పని లేదని మీరే చెప్పేరు కదండీ."

అవతల బల్ల మీంచి ఎవరో, "పెట్టి పుట్టేడండీ బాబూ! మా ఆవిడకీ ఓ ఉద్యోగం ఉంటేనా!" అన్నాడు. నలుగురూ నవ్వారు. తాతారావు భార్య వంక చూశాడు. ఆవిడ తలొంచుకుని కలం పట్టుకుని ఉంది, కిక్కురుమనలేదు. అంతే, అతను లేచాడు. "నాకు ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు" అని వీధిలోకి నడిచాడు.

వీధిలో సోడాబండి పక్కన నీడకి నిలబడి పొత్తికడుపు అదిమి పట్టుకున్నాడు. కోపం బుచ్చిరాజు మీద కాదు. ఆ ముక్క అబద్ధమైతే అక్కడే చింపి పారేసేవాడు. నాలుగు నెలలుగా పొద్దున్నే ఆవిడ కేరేజీ పట్టుకుని బడికి పోతుంటే నులకమంచం మీంచి చూస్తున్నాడు. రాత్రి ఆవిడ మారు వడ్డించబోతే ఆకలి లేదంటున్నాడు. ఎవరికీ చెప్పకుండా తనలో తను అనుకుంటున్న మాటనే ఆ మహానుభావుడు ఇరవై మందికి చదివి వినిపించాడు. పోనీ అదైనా దిగమింగేవాడే. ఆవిడ ఊరుకోవడమే ములుకులా గుచ్చుకుంది. అంటే ఆవిడా అలాగే అనుకుంటోందన్నమాట. ఇంట్లో ఓ సోమరిపోతుని మేపుతున్నాననుకుంటోంది.

కాసేపటికి సూర్యావతి బయటికొచ్చింది. చేతిలో కాగితం లేదు.

"నేను సంతకం పెట్టలేదండీ" అంది.

"ఏం?"

"చెయ్యి రాలేదు. నా గాజులు తాకట్టు పెడదాం, ఆ డబ్బు మనకొద్దు. ఆపరేషను మాత్రం గురువారమే జరగాలి. ట్రైనింగు చదివిన రెండేళ్ళూ నేను ఎవరి కష్టం తిన్నానో మర్చిపోయాననుకున్నారా? మీరు రెండు పూటలా మగ్గం గుంటలోంచి లేవకుండా నేసి నెలనెలా హాస్టలుకి పంపేవారు. మీకు సంపాదన లేదని నేనెలా రాస్తానండీ?"

అరవై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే పంతులమ్మ, సోడాబండివాడు చూస్తుండగా కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. తాతారావుకి ఆవిడ మీద జాలీ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. తన మీద తనకి సిగ్గేసింది. ఇంటిది ఆ మాట నమ్మడం లేదు. ఇక సర్కారు వారు ఏం రాసుకుంటే తనకేం?

"గాజులు తియ్యక్కర్లేదు. రా" అని మళ్ళీ లోపలికి నడిచాడు.

"బుచ్చిరాజు గారండీ, మరోసారి చదవండి."

"ఇందాకే చదివేను కదండీ!"

"ఆయ్, చదివేరు. ఆ చివర బల్ల మీద ఉన్నాయనకి సరిగ్గా వినబడినట్టు లేదు."

బుచ్చిరాజు గారు ఓసారి ఎగాదిగా చూసి, మళ్ళీ మొదటినించీ చదివారు. అన్నవస్త్రముల దగ్గరికొచ్చేసరికి బల్లల మీద మళ్ళీ కిసకిసలు. తాతారావు కలం తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. కాగితాన్ని భార్య ముందుకి జరిపాడు. ఆవిడ ఇంకా తటపటాయిస్తుంటే బల్లల వైపు తిరిగాడు.

"నిజమేనండి. నాలుగు నెలల్నించీ ఆవిడ సంపాదిత్తన్నారు, నేను కూర్చుని తింటన్నాను. పదమూడేళ్ళ కితం నేను సంపాదిత్తే ఆవిడ రెండేళ్ళు కూర్చుని తిన్నారు, చదువుకున్నారు. అప్పుడు మమ్మల్ని ఏ ఆఫీసోళ్ళూ కాయితం అడగలేదండి."

"అయ్యిందా ఉపన్యాసం? ముందు కూర్చోండి, నిలబడితే నొప్పొస్తుంది" అంటూ సూర్యావతి అతని పేరు పైన సంతకం పెట్టింది.