ఆరో డబ్బా

ఈరప్ప ముఖాన్ని చంపింది కాలం కాదు. మీరు. సినిమాను చెంబులూ గిన్నెల్లాగా భాగాలు వేసుకున్న అన్నదమ్ములు మీరు. సినిమా రీలు డబ్బాకు పసుపు పూసి డెబ్బై ఏండ్లు మూత తీయని వారసులు మీరు. పాత సినిమాలు కాపాడతామని జీతాలు తీసుకుంటూ, ఒక ముసలామె పదకొండేండ్లు అర్జీలు పెట్టినా ఒక్కసారి వచ్చి చూడని ఆఫీసువాళ్ళు మీరు.

ఆ ముసలామె లక్ష్మీదేవమ్మ. చింతామణిలో ఉంటుంది. ఎనభైకి ఒకటి తక్కువ. తండ్రి ఈరప్ప మూగ సినిమాల కాలంలో ముసుగు వీరుడు. పాళెగాడి మనుషుల్ని కత్తితో తరిమి, కోట గోడ మీది నుంచి గుర్రం మీదికి దూకేవాడు. ఆమె తల్లి కడుపులో ఉండగానే పోయాడు. ఇంట్లో మిగిలిన ఒక్క ఫోటోలోనూ ముసుగే. ఇంటి డబ్బుతో తీసిన ఒక్క సినిమాలో, చివరి డబ్బాలో, ఊరి జనం ముందర, ముసుగు తీస్తాడని తల్లి చెప్పేది. తండ్రి ముఖం భూమ్మీద ఉన్నది ఆ ఒక్కచోటే.

ఈరప్ప పోయాక ఇల్లు వేరుపడింది. ఆ సినిమా ఆరు డబ్బాలు, వాటాదారులు ముగ్గురు. ఎవరికీ అన్యాయం జరగకూడదని పెద్దమనుషులు తలా రెండు డబ్బాలు పంచారు. ఏం న్యాయమో! మొదటి రెండూ ఈరప్ప పెండ్లానికి, నడిమి రెండూ బాగేపల్లిలో అన్నకు, చివరి రెండూ పాతపాళ్యలో తమ్ముడికి.

లక్ష్మీదేవమ్మకు పన్నెండేండ్లప్పుడు ఒక టెంటు సినిమా అతను ఆమె డబ్బాలు రెండూ ఒక్కసారి ఆడించాడు. ముసుగు మనిషి దూకాడు. మీ నాయనే అంది తల్లి. ఆమె దూకడం చూసింది, ముఖం చూడలేదు. అప్పటినుంచీ ఆ రీలు చుట్టల్ని ఏటా మూత తీసి, నీడన గాలి తగలనిచ్చి, మళ్ళీ మూసేది. అవి ఇప్పటికీ చుట్టల్లాగే ఉన్నాయి.

పాతపాళ్యలో చిన్నాయన కొడుకు గోవిందప్ప తన డబ్బాల్ని దేవుని గూట్లో పెట్టాడు. ఆయుధపూజకు నీళ్ళతో కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. ఆమె ఎన్నిసార్లు పోయి అడిగినా ఒకటే మాట, పూజలో ఉండేదాన్ని తెరిస్తే ఇంటికి కీడని. ఒకసారి ఆమె కసిరింది కూడా.

"నువ్వు మా నాయనకు మొక్కుతాండావా, రేకు మూతకు మొక్కుతాండావా?"

అతను నవ్వేసి, అక్కకు కాఫీ తెమ్మని లోపలికి చెప్పాడు.

మొన్న పండగైన వారానికి అతనే ఫోన్ చేశాడు. దేవుని గూట్లో ఎలుక చచ్చిన వాసన వస్తోందని కోడలు ప్రేమ అంటోందట. గూడంతా వెతికినా ఎలుక దొరకలేదట. డబ్బాల్లో రీలు కుళ్ళుతోందని లక్ష్మీదేవమ్మకు అర్థమైంది. మనవరాలు రక్షితను వెంటబెట్టుకుని తొలి బస్సెక్కింది.

మూతలు తుప్పుతో కరుచుకున్నాయి. గోవిందప్ప లాగితే రాలేదు. రక్షితే స్క్రూడ్రైవర్ పెట్టి లేపింది. ఐదో డబ్బాలో ముదిరిన బెల్లం పాకంలాంటి జిగట. ఆరో డబ్బా నిండా ఎర్రటి పొడి. పొడిలో రెండు వేళ్ళ వెడల్పు తునక ఒకటి దొరికింది. రక్షిత దాన్ని కిటికీ వెలుగుకు పట్టింది. మూడు బొమ్మలు. మూడింటిలోనూ ముసుగు మనిషి. మూడోదాంట్లో అతని చెయ్యి తల వెనక ముసుగు ముడి మీద ఉంది.

అంతే. తరువాతి బొమ్మ పొడి.

తెలీక చేసినానని గోవిందప్ప గొణిగాడు. ఆమె కేకలు వేయలేదు.

"ఏటేటా నీళ్ళు పోసి కడిగితివి కదరా. మా నాయన మొగమే కడిగేస్తివి."

చాలాసేపు ఆ చెయ్యి బొమ్మనే చూసింది. తర్వాత మనవరాలి వైపు తిరిగింది.

"బాగేపల్లిలో మా పెదనాయన మనవడు ఆదినారాయణప్ప ఇంట్లో ఇంకా రెండు ఉండాయి. వాటిల్లోనూ ముసుగే. అయినా మా నాయన నడిచేది చూడల్ల. ఫోన్ చెయ్యి."

ఆదినారాయణప్పా, నువ్వూ డబ్బాలు కడుగుతుంటే ఆ నీళ్ళు పక్కన పెట్టు. ఆ రెండు మూతలూ ఈ రోజే తెరువు. ఆఫీసు దొరలూ, అర్జీ మీ బల్ల మీదే ఉంది, బండెక్కి రండి. ఆమెకు ఎనభై నిండకముందే రండి.