ఇంటికి తొడిగిన కోటు

ఆల్సీద్ అగ్గిపుల్ల గీసి, పొగగొట్టానికి ఉన్న చిన్న రేకుతలుపు దగ్గర పట్టుకున్నాడు. మంట లోపలికి వంగాలి. వంగితే పొగగొట్టం గాలిని లాగుతున్నట్టు, ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా నిద్రపోవచ్చన్నట్టు. అది వంగలేదు. కాసేపు నిటారుగా నిలబడి, ఆలోచించుకున్నట్టు, అతని ముక్కువైపు తిరిగింది.

"ఫిలియాస్ గారూ, మీ ఇల్లు ఊపిరి బిగబట్టుకుని కూర్చుందండీ," అని మెట్లవైపు చూసి అన్నాడు.

ఫిలియాస్ ఒకప్పుడు ఊరి మంగలి. మోకాళ్ళ పుణ్యమా అని నేలమాళిగ మెట్లలో సగందాకానే దిగి, అక్కడే నిలబడి కబుర్లు చెబుతున్నాడు. ఆల్సీద్‌కి అది అలవాటే. ఇరవయ్యో ఏట, ఇళ్ళని వెచ్చబెట్టే నూనె ఫర్నేసులు శుభ్రం చేసే పనిలో చేరాడు, ఇప్పుడు అరవై దాటింది. ఆ నదీతీరపు ఊళ్ళో అతను చూడని నేలమాళిగ లేదు, కూర్చున్న ముందుగది లేదు. ఎవరు ఏ బస్తా వెనక సీసా దాచుకుంటారో తెలుసు, వాళ్ళ సోఫా ఏ రంగో తెలియదు. వెనక తలుపున వచ్చి, వెనక తలుపున వెళ్ళేవాడు. ఎంత తోమినా మెడ మడతల్లో మసి రెండు గీతలుగా మిగిలేది. దుస్తులకి నూనె వాసన ఎంతగా పట్టిందంటే, ఒకప్పుడు పెళ్ళికి ఒప్పుకున్న అమ్మాయి ఆ వాసన వల్లే మనసు మార్చుకుంది. అతను ఆ అమ్మాయిని తప్పుపట్టలేదు. ఉద్యోగమూ మార్చుకోలేదు.

ఫర్నేసు వెనక్కి వెళ్ళి టార్చి వేశాడు. గోడలో బయటి గాలి రావడానికి వదిలిన కంత ఉంది, దాని అవతల మాత్రం వెలుతురు లేదు.

కారణం వెతకక్కర్లేదు. మంచు పడకముందు ఆ ఊళ్ళో ప్రతివాళ్ళూ ఇంటికి కోటు తొడుగుతారు. పునాది చుట్టూ పట్టా పరిచి, చెక్కబద్దలతో బిగించి, దానిమీద దేవదారు కొమ్మలు ఆనించి పేరుస్తారు. తాతల నాడు అది గడ్డీ గోనెసంచులూ, సందుల్లోంచి గాలి ఆడేది. నూనె ధర మండిపోతున్న ఆ ఏడాది అందరూ ప్లాస్టిక్ కొన్నారు. చీమ కూడా దూరకుండా కట్టామని చర్చి మెట్లమీద గొప్పలు చెప్పుకున్నారు.

మంటకి కూడా ఊపిరి కావాలని, గాలి దొరక్కపోతే పొగ పైకి పోవడం మానేసి ఇంట్లోకే తిరిగొస్తుందని ఆల్సీద్ నెమ్మదిగా చెప్పాడు. పొగలో కనబడే మసి ఫరవాలేదు, కనబడని విషమే మనిషిని తీసుకుపోతుంది. ఏటా ప్రతి ఇంట్లో చెప్పే పాఠమే ఇది. చివర కొంచెం చురక కూడా పెట్టాడు.

"ఆ కంతమీద పట్టా కొట్టిన మహానుభావుడు ఎవరండీ? ముఖంమీద దిండు పెట్టి నొక్కినా ఇంతే కదా."

ఫిలియాస్ నొచ్చుకున్నాడు.

"మా మేనల్లుడు కొట్టాడయ్యా. నువ్వే నేర్పావుగా."

"నేనా?"

"మీ అక్కయ్య ఇంటికి నువ్వు కోటు తొడగలేదూ? ఒలీవిన్ గారిల్లు పెళ్ళికూతురిలా ఉందని ఊరంతా అంటుంటే, మావాణ్ణి పంపి చూసిరమ్మన్నాను. అచ్చం అలాగే కొట్టాడు, నువ్వెలా కొట్టావో అలా. పెరటివైపు సందు కూడా వదల్లేదు."

ఇంకో అగ్గిపుల్ల అప్పుడే వెలిగించి ఉన్నాడు. అది వేళ్ళదాకా కాలిన సంగతి అతనికి తెలియలేదు.

పెరటివైపు. అక్క ఇంటికి గాలికంత పెరటివైపే ఉంది. తవ్వింది తనే. అక్టోబరులో ఆ ఆదివారం ప్లాస్టిక్ చుట్టను భుజాన వేసుకుని వెళ్ళింది ఫర్నేసు మనిషి కాదు, తమ్ముడు. అమ్మ పోయాక తనని పెంచిన అక్కకి చలి తగలకూడదని, ఉన్న మేకులన్నీ వాడి బిగించాడు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, కాఫీ తాగుతూ, ఇంకొంచెం ఎడమకి లాగరా అంది. లాగాడు.

ఆ తర్వాతి ఆదివారం తలనొప్పి అంది. కళ్ళద్దాలు మార్చుకోమన్నాడు. ఆ పై వారం, ఏదో నూనె వాసన వేస్తోందని, అది నీ వాసనేనేమో, నువ్వొచ్చి వెళ్ళాక పోనే పోవడంలేదని వెక్కిరించింది. సిగ్గుపడి, ఇంటికి వెళ్ళి కోటు ఉతుక్కున్నాడు. మొన్న మాత్రం గోధుమరొట్టెమీద వెన్న రాస్తూ, "విచిత్రంరా, చర్చిలో కూర్చుంటే తలనొప్పి పోతుంది, ఇంటికొస్తే వస్తుంది. దేవుడు పిలుస్తున్నాడేమో," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. అతను ఇంకో రొట్టె వేయించుకున్నాడు.

మొన్నటినుంచే చలి ముదిరింది. ఆవిడ ఫర్నేసు ఆగకుండా మండుతూ ఉంటుంది.

ఫర్నేసు ఆపి, కిటికీలు తెరిచి, ఆ ప్లాస్టిక్ చీల్చేదాకా వెలిగించవద్దని ఫిలియాస్‌కి చెప్పాడు. తన గొంతు ఎవరిదోలా వినిపించింది. బూట్లతోనే వంటింట్లోకి నడిచాడు, జీవితంలో మొదటిసారి. ఫోను తీసి అక్క నంబరు తిప్పాడు. మోగింది. మోగుతూనే ఉంది. ఒలీవిన్ ఫోను రెండోసారి మోగనివ్వదు, ఊళ్ళో వార్త ఏదైనా తనని దాటిపోతుందని భయం.

నదిపక్క దారిలో బంగాళదుంపల లారీ ఒకటి అడ్డం తగిలింది. దాటడానికి చోటులేదు. స్టీరింగుమీది తన చేతుల్నే చూస్తూ నడిపాడు. మేకులు కొట్టిన చేతులు. జపమాల ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో మరిచిపోయి, మళ్ళీ మొదటికి వచ్చాడు. ఆవిడ కుర్చీలో ఎలా ఉంటుందో కళ్ళకి కట్టింది. ఈ విషంతో పోయినవాళ్ళ ముఖాలు ఎర్రగా, ఆరోగ్యంగా కనిపిస్తాయి. అలాంటి ముఖాలు అతను రెండుసార్లు చూశాడు. లారీవాడు ఊరి మలుపు దగ్గర పక్కకి తప్పుకున్నాడు, తాపీగా చెయ్యి కూడా ఊపాడు.

ఒలీవిన్ ఇంటి ముందు మెట్లమీద కూర్చుని ఉంది. ఒళ్ళో తువ్వాలు మూట.

ఆల్సీద్ కారు దిగాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడా రావడం? నేల రాయిలా ఉంది, పారకి లొంగడంలేదు," అంది ఆవిడ.

తువ్వాల్లోంచి బూడిదరంగు తోక వేలాడుతోంది. మినూష్. రోజంతా నేలమాళిగలో ఫర్నేసుని ఆనుకుని పడుకునే పిల్లి. పొద్దున పిలిస్తే పైకి రాలేదట. తనే తూలుకుంటూ దిగి తెచ్చిందట. అప్పటినుంచీ బయటే ఉందట, లోపల కూర్చుంటే కడుపులో తిప్పుతోందట. ముసలిదైపోయిందిరా, పాపం, నిద్రలోనే పోయింది, అంది.

అతను ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి, నేలమాళిగ మెట్ల పైనున్న ఫర్నేసు ఎర్ర స్విచ్చి ఆపాడు. కిటికీలన్నీ తెరిచాడు. పెరట్లోకి వెళ్ళి కొమ్మలు లాగి పారేసి, ప్లాస్టిక్‌ని గోళ్ళతో చీల్చాడు. తిరిగొచ్చి, ఆవిడ కింది మెట్టుమీద కూర్చుని, జరిగింది చెప్పాడు. అన్నీ చెప్పాడు, పెరటివైపు కంత దగ్గర వాడిన మేకుల సంగతితో సహా.

ఒలీవిన్ చాలాసేపు తోకని తువ్వాల్లోకి సర్దింది. సర్దినా అది జారింది.

"అయితే నేను దిగినప్పుడు..." అని ఆగిపోయింది.

"అవునక్కా."

ఆవిడ అతని మెడమీది మసి గీతల్ని బొటనవేలితో రుద్దింది, చిన్నప్పుడు స్నానం చేయించినట్టు.

"ఊళ్ళో ఇంకెన్ని ఇళ్ళు చూసి కట్టుకున్నార్రా నీ పనితనం?"

అతనికి తెలియదు. ముందు డాక్టరు దగ్గరికి, తర్వాత ఇంటింటికీ, అన్నాడు. తనూ వస్తానంది ఆవిడ. తలుపు తట్టగానే ఎవరైనా నిన్ను లోపలికి రానిస్తారా, వెనక తలుపుకి పంపుతారు, నేనుంటే ముందు తలుపు తీస్తారు, అంది. కారెక్కేటప్పుడు మూటని ఎవరికీ ఇవ్వలేదు.

ఇల్లు తలుపులు బార్లా తెరుచుకుని ఉండిపోయింది. చీల్చిన ప్లాస్టిక్ గోడకి కొట్టుకుంటోంది. నేలమాళిగలో, చల్లబడుతున్న ఫర్నేసు పక్కన, మినూష్ మూతి పెట్టని పాల సాసరు మీద సన్నగా మంచుపొర కడుతోంది.