గ్రిప్పులో విరిగింది

నా ఉద్యోగం విరగ్గొట్టడం. మా బావ ఈ మాట ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు. "మేం ఏదైనా పగలగొడితే తిట్లు. మా మరదలు పగలగొడితే జీతం" అనేవాడు. అక్క నవ్వకపోతే ఇంకోసారి చెప్పేవాడు.

గాజు పీచును జిగురులాంటి రెసిన్‌లో తడిపి గట్టిపరచిన పట్టీలు పరీక్ష కోసం కంపెనీల నుంచి మా ల్యాబుకు వస్తాయి. జానెడు పొడవు, అంగుళం వెడల్పు. మెషీన్‌కు పైన ఒక గ్రిప్పు, కింద ఒక గ్రిప్పు. పట్టీని రెండిటి మధ్య బిగించి తెగేదాకా లాగుతాను. మొదట వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపటమంటుంది. లోపలి పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయన్నమాట. తర్వాత ఒక్క క్షణం ఏ చప్పుడూ ఉండదు. ఆ తర్వాత ఫట్‌మని రెండు ముక్కలు. ఎంత బలానికి తెగిందో తెర మీద పడుతుంది, నేను రాస్తాను.

ఒక నియమం ఉంది. పట్టీ గ్రిప్పు లోపల విరిగితే ఆ అంకెను లెక్కలోకి తీసుకోరు. దాన్ని విరిచింది మన బిగింపే కావచ్చు కదా. న్యాయమైన నియమమే. గ్రిప్పుకి వేలెడు దూరంలో విరిగితే మాత్రం అది లెక్కే. కానీ దాన్నీ "గ్రిప్పులో విరిగింది" అని రాసేస్తే అడిగేవాడెవడు? ముక్కలు సాయంత్రానికి చెత్తబుట్టలోకి పోతాయి. మా ల్యాబు చాలాసార్లు ఆ వేలెడు సందులోనే బతికింది.

బావ కరెంటు స్తంభాల మీద పనిచేసేవాడు. రెండు నెలల కింద, అదే గాజు పీచుతో చేసిన పసుపురంగు ఫైబర్ నిచ్చెన విరిగి పడ్డాడు. నడుము పోయింది. నిచ్చెన కంపెనీ వాళ్లు వచ్చి చూసి, మనిషి పక్కకి బాగా వంగాడు, మా సరుకుకి సర్టిఫికెట్టుంది అని చేతులు దులుపుకున్నారు. బావ ఆఫీసు వాళ్లకి ఆ మాట బాగా నచ్చింది. అజాగ్రత్త తనదేనని రాసిస్తే కూర్చుని చేసే పని ఏదైనా చూస్తామన్నారు, లేకపోతే ఉద్యోగమే ఉండదన్నారు. సోమవారం దాకా గడువు.

శుక్రవారం పొద్దున్నే అక్క ల్యాబు గేటు దగ్గర నిలబడి ఉంది. పాత దుప్పట్లో చుట్టిన మూరెడు ముక్క నా చేతిలో పెట్టింది. బావతో పనిచేసే ఒకాయన, కంపెనీ వాళ్లు విరిగిన నిచ్చెనను బండెక్కించక ముందే దాని కాలు ఒకటి కోసి దాచాడట.

"నీ మెషీను అబద్ధం చెప్పదంటావుగా. ఆయన తప్పో, నిచ్చెన తప్పో చెప్పమను" అంది.

"నెమ్మదిగా చూస్తాలే అక్కా."

"నెమ్మదిగా ఏంటే? రెండు నెలల నుంచీ ఆ మనిషిని నేనే తిడుతున్నా. నా తిట్లు ఉత్తివైతే బాగుండు."

దుప్పటి విప్పాను. ముక్క మీద బ్యాచ్ నంబరు చదివాను. అది మా ల్యాబు దాటిన సరుకేనని ఫైలు తియ్యక ముందే తెలుసు. అయినా తీశాను. సర్టిఫికెట్టు కింద నా సంతకం గుండ్రంగా, ముచ్చటగా ఉంది.

ఆ రోజు బాగానే గుర్తుంది. ఆరు పట్టీల్లో మూడు తక్కువ బలానికే విరిగాయి. మూడూ గ్రిప్పుకి వేలెడు బయటే. మేనేజరు వచ్చి చూసి, "వేలెడు దూరం ఒక దూరమా అమ్మా? గ్రిప్పనే రాసెయ్. ఇంకో మూడు లాగు" అన్నాడు. నేను రాసేశాను. తర్వాత లాగిన మూడూ నెగ్గాయి. ఆయన నన్ను బెదిరించలేదు, బతిమాలనూ లేదు. బ్యాచ్ తప్పిందని రాసి, పరీక్షంతా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి బద్ధకమేసింది, అంతే. దీనికి ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఇప్పుడు అనిపిస్తుంది.

భోజనాల వేళ అందరూ వెళ్లాక అక్క తెచ్చిన ముక్కలోంచి అయిదు పట్టీలు కోశాను. మూడొందలు దాటాల్సిన అంకె ఒక్కసారి కూడా రెండొందలు దాటలేదు. అయిదూ సరిగ్గా నడుమ విరిగాయి. సందేహానికి వెంట్రుకంత చోటు కూడా మిగల్లేదు. నియమం పాటించి చేసిన పరీక్ష నా జన్మలో ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు.

మేనేజరు ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. తెర చూశాడు, ఫైలు చూశాడు. "ఆ పాత కాగితం మీద సంతకం ఎవరిదో కూడా చూసుకోమ్మా" అని తన గదిలోకి వెళ్లిపోయాడు. గొంతు పెంచితే ఎదురు తిరిగేదాన్నేమో. మెల్లగా అన్నాడు.

సాయంత్రం గేటు దగ్గర అక్క లేచి నిలబడింది. పొద్దుటి నుంచి అక్కడే ఉందట.

"ఏమైందే?"

నోరు దానంతటదే అలవాటైన మాట అంది. "గ్రిప్పులో విరిగాయక్కా. లెక్కలోకి రాదు."

"అంటే?"

"అంటే నిచ్చెన తప్పని చెప్పలేం."

అక్క దుప్పటి మడతపెట్టుకుంది. "పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు? నీ భోజనం కూడా మానుకుని చేసినట్టున్నావు" అంది. చెంప మీద కొట్టినా ఇంత మండేది కాదు.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. బావ మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూస్తున్నాడు. నన్ను చూసి, "రావమ్మా విరగ్గొట్టే ఉద్యోగీ! నన్ను కూడా నీ మెషీనుకి కట్టి లాగు, నడుము సర్దుకుంటుందేమో" అన్నాడు. నేను నవ్వాను. అక్క లోపల గిన్నెలు ఎత్తెత్తి పెడుతోంది.

"ఒక్కటడుగుతా చెప్పు. నేను వంగలేదు మరదలా. మొదట కాళ్ల కింద చిటపటమంది, ఏదో వేగుతున్నట్టు. తర్వాత ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. వంగినవాడు వింటాడా ఆ చప్పుడు? నువ్వెప్పుడైనా విన్నావా అట్లాంటిది?"

పన్నెండేళ్లుగా రోజూ వింటున్నాను. మొన్న ఒక్క మధ్యాహ్నమే అయిదుసార్లు విన్నాను.

"లేదు బావా" అన్నాను.

ఆయన మళ్లీ పైకప్పుకేసి చూశాడు. "అయితే భ్రమే. పడేవాడికి ఏవేవో వినిపిస్తాయి కాబోలు. వంగే ఉంటాను" అన్నాడు.

"నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా" అని అక్క లోపలి నుంచే అంది. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

బావ తలగడ కింద నుంచి తెల్లకాగితం తీశాడు. "పడుకుని రాస్తే అక్షరాలు కొండలెక్కుతున్నాయి. నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వే రాసిపెట్టు. సంతకం నేను చేస్తా."

మోకాలి మీద అట్ట పెట్టుకుని రాశాను. ఆయన ఆగి ఆగి చెప్పాడు, నేను ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. "ఈ ప్రమాదానికి పూర్తిగా నా అజాగ్రత్తే కారణం. తప్పు నాదే. ఇందులో నిచ్చెన లోపం ఏమీ లేదు." గుండ్రంగా, ముచ్చటగా వచ్చాయి అక్షరాలు. కాగితం ఆయనకి అందించాను. కింద బావ సంతకం పెట్టాడు.