ఎడమ అంచు

శవం ఇంత మెత్తగా పడుకోదు, నాకు తెలుసు, నాలుగు నెలల కిందటే కళ్లారా చూశాను, ఈ అనంతయ్య సారేమో శవాసనం అంటున్నాడు, శవం లెక్క పండుకోండ్రమ్మా, కాళ్లు జర ఎడం పెట్టండ్రి, అరచేతులు పైకి పెట్టండ్రి, ఇగ ఏం చెయ్యకండ్రి, ఊరికె ఉండండ్రి, అంటూ మా తలల దగ్గర మెల్లగా తిరుగుతున్నాడు, పక్కన విజయమ్మ కిసుక్కున నవ్వింది, నవ్వదా మరి, దాని మొగుడు ఈపాటికి లేచి చాయ్ కోసం ఎదురుచూస్తుంటాడు, శవం అన్నది దానికి ఒట్టి మాట, నాకు ఆ మాట చెవిన పడగానే మా వాకిలి కనబడింది, చాప, చాప మీద మా ఆయన కురుమూర్తి, కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టిన ఎర్ర పట్టుపోగు, సమయానికి వేరే దారం దొరకలేదని మగ్గం దగ్గరున్న అంచు పోగునే తెంపి కట్టారు, ఈ సారు కాళ్లు ఎడంగా పెట్టమన్నాడు, అదొక్కటే తేడా.

వరండా బండల చల్లదనం జంపఖానాలోంచి వీపుకు తగులుతోంది, బడి పిల్లలు రాకముందే ముగించాలట, ఏడున్నర దాకా మాది, తర్వాత వాళ్లది, సారు తెచ్చిన టేప్ రికార్డర్‌లో తంబూర మోగుతోంది, సెల్లులు అయిపోయినట్టున్నాయి, తంబూర మూలుగుతోంది, విజయమ్మ వారం నుంచి ప్రాణం తీసింది, రా అక్కా, సారు వనపర్తికెల్లి రోజూ మొదటి బస్సుకు వస్తడు, ఎనకట డ్రిల్లు మాస్టరంట, నడుం నొప్పులన్నీ పోతయి అక్కా, అని, పోతే మంచిదే, మొదలుపెట్టే ముందే ఆయన అడిగాడు, బీపీ ఉన్నోళ్లు, ఛాతిల నొచ్చేటోళ్లు, చేతులు తిమ్మిరెక్కేటోళ్లు ఎవరన్న ఉంటే చెయ్యెత్తండ్రి, దాచకండ్రమ్మా, మీరు దాస్తే నాకు తెల్వదు, నలుగురు ఎత్తారు, నేను ఎత్తలేదు, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుడి చేత్తో కొంగు సర్దుకున్నాను, ఆ ఎడమ చెయ్యే, ఇరవై రోజులుగా తిమ్మిరెక్కుతోంది, మొదట చిటికెన వేలు ఒక్కటే, ఇప్పుడు మోచేయి దాటి పైకి పాకుతోంది, ఎవరికీ చెప్పలేదు, ఆయనకూ ఎడమ చెయ్యే, ఎన్నాళ్ల నుంచి అట్లా ఉందో ఎవరికి తెలుసు, ఆయన చెప్తే కదా.

కాలి వేళ్ల మీద మనసు పెట్టండ్రి, అంటున్నాడు సారు, మనసేమైనా పీటా, చెప్పిన చోట పెట్టడానికి, సరే పెట్టాను, ఈ కాళ్లు ఇరవై రెండేళ్లు ఆయన కాళ్ల పక్కనే ఒక గుంతలో వేలాడాయి, మాది గుంత మగ్గం, మేం నేసే గద్వాల చీరకు నడిమి బట్ట నూలు, అంచులు పట్టు, ఒక్క మనిషి నేసే చీర కాదది, ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, ఆయన కుడి పక్క, నేను ఎడమ పక్క, నూలుపోగును అటూ ఇటూ మోసే నాడె ఆయన విసురుతాడు, అది నా దగ్గరికి రాగానే నా నాడెలోని పట్టుపోగుతో మెలికవేసి తిప్పి పంపాలి, ప్రతి పోగుకూ ఒక మెలిక, ఒక్కటి తప్పినా అంచుకూ బట్టకూ నడుమ సందు పడుతుంది, వెలుతురుకు పట్టి చూస్తే అవతలివాళ్ల కన్ను కనబడుతుంది, కుడి అంచు ఆయనది, ఎడమ అంచు నాది, పెళ్లయి వచ్చిన నెల నుంచీ అంతే, ఆ నెలలోనే మా అత్త రామేశ్వరమ్మ నన్ను గుంతలోకి దింపి చెప్పింది, చూడు బిడ్డా, మగ్గం మీద కూసున్నంక నొస్తున్నదని అనొద్దు, ఏడుపు మాట అనొద్దు, అన్న మాట చీరల పడ్తది, ఈ చీర కట్టుకోని ఏ పిల్లనో పీటల మీద కూసుంటది, దానికి తగుల్తది, సుమ్నె నెయ్యి, అంది, ఆమె రాయచూరు దిక్కు మనిషి, సుమ్నె అంటే వాళ్ల కన్నడంలో ఊరికే అని, మాట్లాడకుండా అని, నేను నేర్చుకున్నాను, రెండుసార్లు కడుపు నిలవకుండా పోయింది, రెండోసారి మూడో నాటికే గుంతలోకి దిగాను, పొత్తికడుపులో కత్తి పెట్టి తిప్పుతున్నట్టే ఉంది, ఏమైందే అని ఆయన అడిగితే ఏం లేదు, మంచిగనే ఉన్న, అన్నాను, ఆయన నమ్మాడో నమ్మినట్టు ఉన్నాడో, నాడె విసిరాడు, మా ఇంట్లో ఏం లేదు అన్న మాటంత సులువుగా నాలుక మీద ఇంకే మాటా తిరగలేదు.

ఇప్పుడు పొట్ట, ఇప్పుడు ఛాతి, ఊపిరి ఎట్ల వస్తున్నది ఎట్ల పోతున్నది సూడండ్రి, దాన్ని ఆపకండ్రి, గుంజకండ్రి, అంటున్నాడు, నా ఊపిరి నేనెప్పుడూ చూసుకోలేదు, ఆయన ఊపిరైతే తెలుసు, నాడె విసిరేటప్పుడు ముక్కులోంచి చిన్నగా వదిలేవాడు, ఆ చప్పుడును బట్టే నా చెయ్యి లేచేది, అంత తెలిసినదాన్ని ఆ రోజు ఆ ఊపిరి మారిందని ఎట్లా పోల్చుకోలేదు, చెవులకు ఏమొచ్చింది, వనపర్తి పెండ్లివాళ్ల చీర అది, పండు మిరప రంగు అంచు, కొంగు జానెడు మిగిలి ఉంది, పొద్దు వాలుతోంది, ఆయన నాడె నా దాకా రావడం లేదు, సగంలోనే ఆగుతోంది, నేను చెయ్యి చాచి అందుకుంటున్నాను, ఆ తొందరలో మూడు మెలికలు తప్పాయి, సందు పడింది, నా నోరు అసలే మంచిది కాదు, కండ్లు యాడ పెట్టినవయ్యా, చేతుల్ల బలం లేదా, పెండ్లి చీరకు తూట్లు పెడ్తివి గదా, అన్నాను, ఆయన ఎడమ చేతిని కుడి చేత్తో నొక్కుకుంటున్నాడు, చూశాను, చూడలేదని ఎవరితోనైనా అనగలను, నాతో అనుకోలేను, ఏమైంది అన్నాను, అదైనా ప్రేమగా అన్నానా, కసిరినట్టే అన్నాను, ఏం లేదులే జములమ్మా, అన్నాడు, మూడు మెలికలూ విప్పి మళ్లీ నేసి, సరిగా పడ్డాయో లేదో వేలితో తడిమి చూసుకుని, గుంత గట్టు పట్టుకుని లేచాడు, లేచినవాడు అట్లాగే పక్కకు ఒరిగాడు, జీపులో దవాఖానకు తీసుకుపోయేసరికే చల్లబడిపోయాడు, పొద్దుగాల్నే తెస్తే ఏమన్న చేస్తుంటిమి గదమ్మా, అన్నాడు డాక్టరు, మంచిగానే అన్నాడు, ఆ మాట నా చెవిలో ఇంకా అట్లాగే ఉంది.

ఆయుష్షు గంతే బిడ్డా, అన్నారు వచ్చినవాళ్లందరూ, నేను తల ఊపాను, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, అందుకే ఆ తిట్టిన తిట్టు ఎవరికీ చెప్పలేదు, అత్తకు కూడా, ఇంకా ఆ మూడు మెలికలు తప్పి పడ్డ సందు ఎటు పక్కదో కూడా చెప్పలేదు, ఎడమ పక్కది, ఎడమ అంచు నాది, ఆయన నాడె ఆలస్యమైతే ఆగి, ఏమైందని నెమ్మదిగా అడిగి, అప్పుడు మెలిక వేయవలసినదాన్ని నేను, సందు నా చేతిలో పడింది, తిట్టు ఆయన మీద పడింది.

పెండ్లి ముహూర్తం మన సావు కోసం ఆగదు బిడ్డా, అంది అత్త దినాలు అయిన మర్నాడు, అని తనే గుంతలోకి దిగింది, అరవై ఐదేళ్ల మనిషి, కొడుకు కూర్చున్న చోట కూర్చుని, కొడుకు తొక్కిన పలకల మీద కాళ్లు పెట్టి, నాడె పట్టుకుని విసిరింది, మిగిలిన జానెడు ఇద్దరం కలిసి పూర్తి చేశాం, ఇద్దరమూ ఒక్క కన్నీటి చుక్క పడనివ్వలేదు, చీర కదా, అప్పటి నుంచి నాలుగు నెలలు ఆమె కుడి పక్క నేను ఎడమ పక్క, ఆమె నాడె నెమ్మది, నేను తొందరపడను, ఎంతసేపైనా చూస్తాను, కసరను, ఈ ఓపిక అప్పుడేమైంది, నిన్న మధ్యాహ్నం నా వేళ్లకు పట్టుపోగు తెలియలేదు, పట్టుకున్నాననుకున్నాను, చూస్తే చేతిలో ఏమీ లేదు, నాలుగు మెలికలు తప్పాయి, మళ్లీ ఎడమ అంచే, అత్త చూసింది, తిట్టలేదు, ఏమైంది బిడ్డా అంది, ఏం లేదత్తా, అన్నాను, అన్నానో లేదో ఆమె చేతులు ఆగిపోయాయి, తర్వాత తనే వంగి నా పక్క మెలికలు విప్పి, మళ్లీ వేసి, వేలితో తడిమి చూసుకుంది, అచ్చం ఆయన తడిమినట్టే, ఆయనకు నేర్పింది ఆమే కదా.

ఈ పొద్దున ఆమే నన్ను పంపింది, ఇయ్యాల మగ్గం ముట్టకు, విజయమ్మతోని పో, పోయి జర ఊపిరి తీస్కోని రా, అంది, ఇన్నేళ్లలో మగ్గం ముట్టకు అన్న మాట ఆమె నోట ఇదే మొదటిసారి వినడం, చెప్పులేసుకుని మళ్లీ వెనక్కి తిరిగాను, నీళ్ల సీసా మర్చిపోయాను, లోపల ఆమె గుంత గట్టు మీద కూర్చుని ఉంది, కుడి పక్క ఖాళీ చోటును అరచేత్తో నిమురుతోంది, నొస్తున్నదా నాయినా అని ఒక్కసారన్న అడగకపోతి, అడిగితే చెప్పెటోనివి, చెప్పనియ్యని నోరు నాదే అయిపాయె, అంటోంది, గోడతో అన్నట్టు మెల్లగా అంటోంది, నేను సీసా తీసుకోకుండానే వచ్చేశాను.

ఇగ ఎడమ చెయ్యి, అంటున్నాడు సారు, వేళ్లు, మణికట్టు, మోచెయ్యి, భుజం, కొందరి భుజం కిందికుంటది, ఉండనియ్యండ్రి, పని చేసిన ఒళ్లు పని లెక్కనే ఉంటది, దానితోని కొట్లాడకండ్రి, ఎట్లున్నదో గట్లనే ఒప్పుకోండ్రి, నొస్తే నొస్తున్నదని ఒప్పుకోండ్రి, అంటున్నాడు, నా ఎడమ భుజం కిందికే ఉంటుంది, జాకెట్టు కుట్టే సత్తెమ్మ ప్రతిసారీ ఆ పక్క కొంచెం పొట్టిగా కత్తిరిస్తుంది, సిగ్గుతో ఎప్పుడూ కొంగు కప్పుకునే తిరిగాను, ఇప్పుడు పడుకుంటే ఆ భుజం ఒక్కటి బండను తాకుతోంది, రెండోది తాకడం లేదు, ఉండనీ, అది అబద్ధం చెప్పడం లేదు, నేనే చెప్తున్నాను, ఎందుకు చెప్తున్నాను, అత్త పెట్టిన కట్టుబాటు కోసమా, కాదు, ఇక్కడ మగ్గం లేదు, చీర లేదు, సారు అడిగినప్పుడు చెయ్యి ఎత్తడానికి ఏం అడ్డం వచ్చింది, చెప్పనా, ఇరవై రోజుల కిందట చిటికెన వేలు మొద్దుబారిన నాడు నాకు భయం వేయలేదు, హమ్మయ్య అనిపించింది, ఎవరితోనూ అనరాని మాట ఇది, ఆయనకు వచ్చిందే నాకూ వచ్చింది, ఆయనకు లేని డాక్టరు నాకెందుకు, ఆయనను కసిరిన నోటితో నాకు నొస్తోందని ఎట్లా అంటాను, రానీ, మోచెయ్యి దాకా రానీ, భుజం దాకా రానీ, ఛాతి దాకా రానీ, అని దాచుకుంటున్నాను, ప్రేమగా దాచుకుంటున్నాను, నాకు నేను వేసుకున్న శిక్ష అది, ఎవరూ తగ్గించమని అడగని శిక్ష.

తంబూర ఆగిపోయింది, సెల్లులు చచ్చాయి, వరండా చూరులో పిచ్చుకలు అరుస్తున్నాయి, రాయచూరు బస్సు హారన్ వినబడుతోంది, అత్త ఇప్పుడేం చేస్తుంటుంది, మగ్గం ముట్టకు అని నాతో అన్నది గాని తను ముట్టకుండా ఉంటుందా, గుంతలో కాళ్లు వేలాడేసి కూర్చుంటుంది, నేనూ ఒకనాడు గుంత గట్టు పట్టుకుని లేచి పక్కకు ఒరిగిపోతే అట్లాగే కూర్చుంటుంది, నాడె విసురుతుంది, ఎడమ పక్క అందుకునే చెయ్యి ఉండదు, ఇద్దరు నేసే మగ్గం మీద ఒక్క ముసలిది, ఎవరన్నా వచ్చి ఎట్లున్నవ్ రామేశ్వరమ్మా అంటే ఏం లేదు, మంచిగున్న, అంటుంది, నాకు ఏమైందని అడిగింది కదా నిన్న, అడిగింది, కొడుకును అడగని మాట నన్ను అడిగింది, అడగడానికి ఆ నోటికి ఎంత కష్టమైందో, నేనేమన్నాను, ఆయన నాతో అన్న మాటే అన్నాను, అక్షరం పొల్లుపోకుండా, ఆయన నాకు చేసిందే నేను ఆమెకు చేస్తున్నాను, ఈ నాలుగు నెలల దుఃఖాన్ని తీసుకుపోయి ఆ ముసలిదాని ఒళ్లో పెట్టబోతున్నాను, పెట్టి దానికి ప్రాయశ్చిత్తం అని పేరు పెట్టుకుంటున్నాను, ఛీ.

శవాలు చేతులు ఎత్తవు, వరండా నిండా ఇరవై మంది కదలకుండా పడుకుని ఉన్నారు, విజయమ్మ చిన్నగా గురక కూడా పెడుతోంది, నేను ఎడమ చెయ్యి ఎత్తాను, బరువుగా లేచింది, తడిసిన నూలు చిలపంత బరువు, అయినా లేచింది, సారు అడుగులు నా తల దగ్గర ఆగాయి, ఏమైందమ్మా, అన్నాడు, ఏం లేదు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చేసింది, అలవాటు కదా, దాన్ని మింగాను, నొస్తున్నది సారు, ఈ చెయ్యి తిమ్మిరెక్కుతున్నది, ఇరవై రోజులాయె, ఎవ్వరికీ చెప్పలే, దవాఖానకు పోవాలె, అన్నాను, కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, కారనీ, ఇక్కడ చీర లేదు, ఆ మాట ఆ సాయంత్రం ఆయన అనవలసినది, ఆయన బదులు కూడా నేనే అన్నాను.