ఒక్క దెబ్బ ఎక్కువ

ఒక సుత్తి కొనడానికి గోల్ బజార్లో గంటన్నర కూర్చున్నానంటే ఎవరైనా నవ్వుతారు. ఆ కొట్టువాడూ నవ్వాడు. పాతికేళ్లుగా చెక్కపని చేస్తున్నవాడు సుత్తి దగ్గర ఇంత తచ్చాడడమేమిటని అతని అనుమానం. వేరే రోజైతే వాడికి గట్టిగా వడ్డించి వచ్చేవాణ్ణి. నా కోపం ముక్కుమీదే ఉంటుందని బిలాస్‌పూర్‌లో మా తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఆ సుత్తి నాకోసం కాదు, మా అన్నయ్య కోసం. అది చేతికి కుదిరితే అన్నయ్య నా పక్కన పనిలో ఉంటాడు, కుదరకపోతే ఇంట్లో కూర్చోవాలి. ఇది తొంభై రెండో సంవత్సరం మాట.

మా అన్నయ్య సింహాచలం రైల్వే వ్యాగన్ షెడ్డులో ముప్ఫై ఎనిమిదేళ్లు కార్పెంటరుగా చేశాడు. నాన్న డ్యూటీలో ఉండగా పోతే ఆ ఉద్యోగం అన్నయ్యకిచ్చారు. అప్పటికి అతనికి ఇరవై, నాకు ఆరు. శ్రీకాకుళం వైపు మా ఊరు వెళ్లిపోదామని అమ్మ ఏడిస్తే, "గిరిగాడికి పనొచ్చినదాకా ఇక్కడే ఉందుం" అన్నాడట. నాకు పని నేర్పింది అతనే. నేను తప్పు చేసినప్పుడల్లా నా చేతిలోంచి పనిముట్టు తీసుకునేవాడు, తను చేసి చూపించేవాడు, మళ్లీ నా చేతిలో పెట్టేవాడు. అంతే. ఒక్కనాడు నా మీద చెయ్యెత్తలేదు, ఒక్క మాట తూలలేదు. ఇంత కోపిష్టివాడికి అంత నెమ్మదైన అన్న ఎలా దొరికాడో నాకు తెలీదు.

నాకు సిర్గిట్టిలో చిన్న చెక్కపని షెడ్డు ఉంది. అన్నయ్య రిటైరైన మర్నాడే, పొద్దున్న ఏడింటికల్లా టిఫిన్ డబ్బా సైకిలుకి తగిలించుకుని వచ్చేశాడు.

"ఇంటికాడ కూకుంటే నాను సచ్చిపోతాన్రా గిరీ. పని సెప్పు," అన్నాడు.

నాకు పని నేర్పినవాడికి నేను పని చెప్పడమేమిటి? సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఏడాదిపాటు ఇద్దరం కలిసి తలుపులు, అల్మారాలు చేశాం. అతను నా షెడ్డులో ఉన్న ఆ ఏడాది నేను ఎవరిమీదా పెద్దగా అరవలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అప్పుడొచ్చింది సదర్ బజార్లో ఒక కొత్త ఆఫీసుకి సీలింగు పని. ఇంజనీరు కామేశ్వరరావుగారు తెలుగాయనే. ప్లైవుడ్డు కాదు, జిప్సం బోర్డు వెయ్యాలన్నాడు. అప్పటికి మా ఊళ్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. బోర్డులతోపాటు నాగపూర్ నుంచి ఒక మనిషి వచ్చి ఎలా కొట్టాలో చూపించి వెళ్లాడు. ఆ బోర్డుకి రెండువైపులా దళసరి కాగితం ఉంటుంది, మధ్యలో అంతా సుద్దపిండి. చెక్క ఫ్రేముకి దాన్ని మేకులతో బిగించాలి. మేకు తల కాగితాన్ని చింపకుండా, చిన్న గుంట చేసుకుని అందులో కూర్చోవాలి. ఆ గుంటని తరవాత పుట్టీతో పూడ్చేస్తారు. కాగితం చిరిగిందా, మేకు పిండిలోకి దిగిపోతుంది, ఇక దానికి పట్టు ఉండదు. బోర్డు ఇవాళ కాకపోతే రేపు నెత్తిమీదికొస్తుంది.

అన్నయ్యకి చిక్కు వచ్చింది అక్కడే. వ్యాగన్ షెడ్డులో ఒక అలవాటుంది. వ్యాగన్ నేల పలకలకి మేకు దిగిపోయాక కూడా, దాని తల మీద ఇంకొక్క దెబ్బ వేస్తారు. ఎందుకంటే సూపర్‌వైజరు వచ్చి పలకల మీద అరచెయ్యి పెట్టి రాస్తాడు. ఎక్కడైనా మేకు తల వేలికి తగిలిందంటే సుద్దముక్కతో గీత కొట్టేసి పోతాడు, ఆ పలక మళ్లీ చెయ్యాలి. ఆ పైదెబ్బని షెడ్డులో అందరూ 'సర్కారు దెబ్బ' అనేవాళ్లు. ముప్ఫై ఎనిమిదేళ్లు కొట్టిన దెబ్బ అది. ఆలోచించి కొట్టేది కాదు, చెయ్యి తనంతట తానే కొట్టేస్తుంది. నాగపూర్ మనిషి ముందు అన్నయ్య కొట్టిన మొదటి ఆరు మేకుల్లో ఆరూ కాగితాన్ని చింపాయి.

"సుత్తి మార్చాలి," అన్నాడా మనిషి హిందీలో. "దీనికి వేరే సుత్తి ఉంటుంది. తేలికది తీసుకోండి. బరువైనదైతే ఆ చెయ్యి ఆగదు."

అందుకే గోల్ బజార్. కొట్టువాడు బొంబాయి నుంచి మూడు తెప్పించి బల్ల మీద పెట్టాడు. మూడింటికీ ఒకవైపు సుత్తి తల, రెండోవైపు బోర్డు అంచు చెక్కుకోవడానికి పల్చటి గొడ్డలి వాదర. మొదటిదాని తల చదునుగా ఉంది. చదును తల అంచు కాగితాన్ని కోసేస్తుంది, దాన్ని పక్కన పెట్టేశాను. మిగతా రెండింటి తలలూ కొంచెం ఉబ్బెత్తుగా, సన్నటి గళ్లతో ఉన్నాయి. ఉబ్బెత్తు తల గుంట చేస్తుంది, గళ్లవల్ల పుట్టీ పట్టుకుంటుంది. తేడా అంతా బరువులోనే. ఒకటి మరీ తేలిక, పిల్లల ఆటవస్తువులా ఉంది. రెండోది దానికి ఇంచుమించు రెట్టింపు.

కొట్లో ఉన్న అట్టపెట్టె మీద రెండింటితోనూ కొట్టి చూశాను. చిన్నదే సరైనదని నా చెయ్యి చెప్పింది. కానీ నా కళ్లకి అన్నయ్య కనిపించాడు. వ్యాగన్ల మీద నాలుగు పౌన్ల సుత్తి ఆడించిన మనిషి. నా దగ్గర పనిచేసే కుర్రకారు ముందు ఆ బుల్లి సుత్తి పట్టుకుని నిచ్చెన ఎక్కడమా? వాళ్లు నవ్వుతారనిపించింది. నిజం చెప్పాలంటే, అతని చేతిలో అది చూడ్డం నాకే ఇష్టం లేదు. ఉబ్బెత్తు తల ఉంది కదా, అదే కాపాడుతుందిలే అని సర్దిచెప్పుకుని పెద్దదే తీసుకున్నాను.

అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగున్నాది. మరి ఆ నాగపూర్ ఆయన తేలికది అన్నాడు కాదేటి?"

"ఇదే మంచిది. నీ సేతికి ఇదే నప్పుతాది," అన్నాను.

నేను చెప్పాను కాబట్టి ఇక రెండోమాట అడగలేదు.

మూడు రోజులు బాగానే జరిగింది. అతను మేకుకి మూడు దెబ్బలు కొట్టి, పెదవి బిగించి, చెయ్యి ఆపుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. నాలుగో రోజు పెద్దహాలు మొదలుపెట్టాం. పని ఊపందుకుంది. ఊపులో అన్నయ్య మనసు వ్యాగన్ షెడ్డులోకి వెళ్లిపోయింది. చెయ్యి సర్కారు దెబ్బ వేసుకుంటూ పోయింది. మధ్యాహ్నం కామేశ్వరరావుగారు వచ్చేసరికి రెండు బోర్డులు బొజ్జలు దించి వేలాడుతున్నాయి. ఆయన కర్రతో ఒకదాన్ని తట్టాడు. అది సగం ఊడి, ఆయన చొక్కా మీద సుద్దపిండి కురిపించింది.

"ఇదేం పనయ్యా గిరిబాబూ? ఎవరు కొట్టారిది?" అన్నాడు.

పనివాళ్లందరూ అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య నిచ్చెన దిగి, "నానే సార్. తప్పయిపోనాది. ఇప్పేసి మళ్లీ కొడతాను," అన్నాడు.

అక్కడితో సరిపోయేది. కామేశ్వరరావుగారు కూడా చొక్కా దులుపుకుని, సరే జాగ్రత్త అని వెళ్లిపోయేవాడేమో. నా నోరు ఆగలేదు. "ఎన్నిసార్లు సెప్పాలి నీకు? నీ సెయ్యి ఇంకా ఆ షెడ్డులోనే ఉండిపోనాది. ఈ పనికి నువ్వు పనికిరావు," అన్నాను.

అప్పుడైనా ఊరుకోవాల్సింది. అన్నయ్య నెమ్మదిగా నా ముందుకొచ్చి సుత్తి నాకివ్వబోయాడు. నేను తీసుకోలేదు.

"నాకెందుకది? పట్టుకెళ్లి ఇంటికాడ బొగ్గులు కొట్టుకో," అన్నాను.

నాకు ఆరేళ్లప్పటినుంచి అన్నం పెట్టిన మనిషిని, కుంపట్లోకి బొగ్గులు కొట్టుకోమన్నాను, పదిమంది ముందు. ఒకడు కిసుక్కున నవ్వాడు కూడా. అన్నయ్య సుత్తిని తువ్వాల్లో చుట్టి, టిఫిన్ డబ్బా సైకిలుకి తగిలించుకుని వెళ్లిపోయాడు. అన్నం తినలేదని సాయంత్రం ఇంటికెళ్లాక గుర్తొచ్చింది నాకు.

మర్నాడు గోల్ బజార్ వెళ్లి ఆ చిన్న సుత్తి కొనుక్కొచ్చాను. దాన్ని అప్పలస్వామి అనే పనివాడికిచ్చాను. వాడు మంచివాడేగానీ చెయ్యి మహా మోటు, అన్నయ్య కంటే గట్టిగా కొడతాడు. అయినా ఒక్క కాగితం చిరగలేదు. సుత్తికి కాగితం చింపేంత బరువు లేదు మరి. పనయ్యేదాకా నిచ్చెన కింద నిలబడి పైకి చూస్తూనే ఉన్నాను. తప్పు అన్నయ్య చేతిది కాదు, నేను ఏరి తెచ్చిన సుత్తిది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు.

తెలిసీ వెళ్లలేదు. ఇదిగో రేపు, ఇదిగో ఆదివారం అనుకున్నాను. వెళ్తే ఏమనాలో తెలీదు. మా కుటుంబంలో తమ్ముడు అన్నకి క్షమాపణ చెప్పుకున్నది నేనెప్పుడూ చూడలేదు. దసరాకి ప్రతి ఏడూ నా షెడ్డులో పనిముట్లకి మొదటి బొట్టు అన్నయ్యే పెట్టేవాడు. ఆ ఏడు పిలవడానికి మొహం చెల్లక నేనే పెట్టేశాను. తరవాత తెలిసింది, ఆ రోజు అన్నయ్య పొద్దున్నే తలంటు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, మధ్యాహ్నం దాకా గుమ్మంలోనే కూర్చున్నాడట.

సంక్రాంతి వెళ్లిన పది రోజులకి కబురొచ్చింది. అన్నయ్యకి పక్షవాతం. రైల్వే ఆసుపత్రిలో పన్నెండు రోజులుంచి ఇంటికి పంపేశారు. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నేను వరండాలోనే ఉన్నాను, మంచం దగ్గరికి మాత్రం వెళ్లలేకపోయాను. ఇంటికొచ్చాక ఇక తప్పలేదు.

వదిన కనకమహాలక్ష్మి నన్ను చూసి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇలగ రా," అని పెరట్లోకి తీసుకెళ్లింది. బొగ్గుల బస్తా పక్కన గోడకి ఆనించి జిప్సం బోర్డు ముక్కలున్నాయి, చిన్నవీ పెద్దవీ కలిసి ముప్ఫై దాకా. ప్రతిదాని నిండా మేకులే.

"ఇయ్యెక్కడివి వదినా?"

"ఆ ఆపీసు ఎనకాల సెత్తలో పారేసినారు గదా, ఏరుకుని సైకిలు మీద ఏసుకొచ్చేడు. రోజూ పొద్దున్న టీ తాగీసి ఇక్కడే కూకునీవోడు. మూడు దెబ్బలు కొట్టీసి, ఎడంసేత్తో కుడిసెయ్యి మణికట్టు పట్టుకుని ఆపుకునీవోడు. నాకు నవ్వొచ్చీది. ఆ సుత్తితో నన్ను బొగ్గు ముట్టనిచ్చీవోడు కాడు. ఏటిదంతా అంటే, 'గిరిగాడు పిలుస్తాడే, పిలిసినప్పుడు మాట రాకూడదు' అనీవోడు."

నేను ఆ ముక్కలు ఒక్కొక్కటీ తీసి చూశాను. ముందువాటిలో కాగితమంతా చిల్లులే. రానురాను చిల్లులు తగ్గాయి. చివరి ఏడెనిమిదింటిలో ఒక్కటంటే ఒక్కటి లేదు. ప్రతి మేకూ తన గుంటలో చక్కగా కూర్చుంది. ఆ బరువైన సుత్తితో, కాగితం చిరగకుండా, అన్ని మేకులు నేను కొట్టలేను. అప్పలస్వామి కొట్టలేడు. నాగపూర్ మనిషి కూడా కొట్టగలడనుకోను. పెరట్లోనే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. వదిన నా భుజం మీద చెయ్యి వేసింది.

చివరికి ఒక ముక్కా, ఒక చెక్కపలకా, సుత్తీ పట్టుకుని లోపలికెళ్లాను. అన్నయ్య దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. నన్ను చూడగానే ఎడమకంట్లోంచి నీళ్లు కారాయి. మంచం పక్కన నేలమీద కూర్చున్నాను.

"అన్నయ్యా, తప్పు నాది. నీ సెయ్యి తప్పు కాదు. తేలిక సుత్తి తేవలసింది నాను. తెలిసే బరువుది తెచ్చినాను. తెలిసే ఇన్నాళ్లూ రానేదు," అన్నాను.

విన్నాడో లేదో, అతని చూపంతా సుత్తి మీదే ఉంది. కొట్టమంటున్నాడని అర్థమైంది. పలక మీద బోర్డుముక్క పెట్టి మేకు నిలబెట్టాను. ఒకటి, రెండు, మూడు. కళ్లనిండా నీళ్లు, మేకు ఎంత దిగిందో కనిపించలేదు. చెయ్యి మళ్లీ పైకి లేచింది.

అన్నయ్య ఎడమచెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. కళ్లు తుడుచుకుని చూశాను. మేకు సరిగ్గా గుంటలో ఉంది, కాగితం చెక్కు చెదరలేదు.

అలాగే కాసేపు పట్టుకున్నాడు. తరవాత నా వేళ్లు విప్పి సుత్తి తీసుకున్నాడు, చిన్నప్పుడు తీసుకున్నట్టే. దాన్ని ఒళ్లో పెట్టుకుని, కదలని తన కుడిచెయ్యి వైపు చాలాసేపు చూశాడు. ఆ తరవాత సుత్తి మళ్లీ నా చేతిలో పెట్టాడు. మధ్యలో తను చేసి చూపించేది ఒక్కటే లేదు.