కాదనిపించుకునే విద్య

ఏలూరులో అద్దె ఇంటి కోసం వెళ్ళిన చాంద్ బాషాని ఇంతవరకూ ఒక్కరూ తిట్టలేదు. అదే వచ్చిన చిక్కు. తిడితే తిరిగి తిట్టొచ్చు. వీళ్ళు అలా కాదు. వరండాలో కుర్చీ వేస్తారు, మజ్జిగ ఇస్తారు, పిల్లలేం చదువుతున్నారని అడుగుతారు. చివర్లో "ఏమీ అనుకోకండి బాషా గారూ, మీరంటే మాకేం లేదండి, చుట్టుపక్కలవాళ్ళే ఒప్పుకోరు" అని గేటు దాకా వచ్చి సాగనంపుతారు. నాలుగేళ్ళలో ముప్ఫై ఏడు ఇళ్ళవాళ్ళు అలా సాగనంపారు. ముప్ఫై ఏడు గ్లాసుల మజ్జిగ తాగాడు. ఇల్లు మాత్రం దొరకలేదు.

చాంద్ బాషా మోటారు వైండింగ్ చేస్తాడు. కొల్లేటి చేపల చెరువుల మీద కాలిపోయిన మోటార్లు ట్రాలీ ఆటోల్లో అతని కొట్టుకే వస్తాయి. సౌజన్య కాలనీలో ఏ మేడ మీద నీళ్ళు ఎక్కకపోయినా అతనికే కబురు. ఏ వాటాలో కుళాయి కారుతుందో, ఏ వంటింట్లో గాలి ఆడుతుందో ఇంటివాళ్ళకన్నా అతనికే బాగా తెలుసు. మోటారు కాలినప్పుడు వంటింట్లోంచి మేడెక్కనిస్తారు. అద్దెకని వస్తే వరండా దాటనివ్వరు.

అతను ఉండేది తమ్మిలేరు గట్టు కింద రెండు గదుల పెంకుటింట్లో. ఏరు పొంగితే నీళ్ళు నేరుగా మంచం దగ్గరికొస్తాయి. కిందటిసారి వాళ్ళమ్మ ఫాతిమా, డెబ్బై రెండేళ్ళ మనిషి, మంచం మీద మంచం వేసుకుని మూడు రోజులు కూర్చుంది. గోడ మీద ఆ నీళ్ళ గీత ఆవిడ నడుం ఎత్తున ఇంకా ఉంది. "ఈసారి నన్ను పెంకుల మీద పెడతావా?" అని వేసవి మొదటి నుంచీ అడుగుతోంది. వానలకి ముందే ఎత్తు మీద ఒక ఇల్లు కావాలి. అంతకు మించి చాంద్ బాషా ఈ లోకాన్ని ఏమీ అడగలేదు.

ముప్ఫై ఏడో ఇల్లు సోమసుందరం పంతులుది. మేడ మీద వాటా ఏడాదిగా ఖాళీ.

2009 జూన్ మొదటి వారంలో ఆ పంతులే కొట్టుకొచ్చాడు. చేతిలో మోటారు లేదు.

"బాషా గారూ" అన్నాడు.

మామూలుగా ఒట్టి 'బాషా' అంటాడు. 'గారు' ఇదివరకు ఒక్కసారే వాడాడు, ఇల్లు లేదని చెప్పినప్పుడు. మళ్ళీ ఏ ఇల్లు లేదనడానికి వచ్చాడా అని చాంద్ బాషా భయపడ్డాడు.

"నాకు మెల్‌బోర్న్‌లో గుడి అర్చకత్వం వచ్చిందండి. ముందు నేనెళ్ళి, కుదురుకున్నాక ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళాలి. కానీ టీవీలో చూస్తున్నారుగా, అక్కడ మనవాళ్ళని పట్టుకుని కొడుతున్నారు. ఒంటి రంగు చూసి పొమ్మంటారంట. తాడేపల్లిగూడెంలో ముప్ఫై రోజులు ఇంగ్లీషు కోచింగు తీసుకున్నాను. హలో చెప్పడం నేర్పారు గానీ, పొమ్మంటే ఎలా నిలబడాలో నేర్పలేదండి."

"దానికి నేనేం చెయ్యనండి?"

"పుట్టాక నన్నెవరూ కాదనలేదండి. ఎక్కడికెళ్ళినా పీట వేసి కాళ్ళకి నీళ్ళిస్తారు. నలభై ఆరేళ్ళొచ్చాయి, ఒక్క అవమానం కూడా అలవాటు లేదు. ఈ వయసులో ఒక్కసారిగా తగిలితే గుండె తట్టుకోవద్దా? అలవాటున్నవాళ్ళ దగ్గర నాలుగు రోజులు నేర్చుకుందామని ఆలోచిస్తే, ఊరు మొత్తం మీద మీరే కనపడ్డారు."

చాంద్ బాషా చేతిలో రాగితీగ ఆగిపోయింది. ఇంత నిజాయితీగా ఎవరూ అవమానించలేదు అతన్ని.

"నన్ను కాదన్నవాళ్ళలో మీరూ ఉన్నారు కదండి."

"అందుకే కదండి, మీకు అనుభవం ఉందని నాకు తెలిసింది."

చాంద్ బాషా గోడ మీది నీళ్ళ గీతని తలుచుకున్నాడు. "నేర్పుతానండి. ఫీజు మాత్రం డబ్బు కాదు. మేడ మీద వాటా."

పంతులు మెల్‌బోర్న్‌ని ఒక పక్క, కాలనీని ఒక పక్క పెట్టి తూచాడు. "నేను పాసైతేనే సుమండీ."

పాఠాలు కొట్టులోనే మొదలయ్యాయి. పంతులు బూతులకి తయారై వచ్చాడు, మొహమాటపడకుండా తిట్టమన్నాడు. చాంద్ బాషా ఒప్పుకోలేదు. "తిట్టు తేలికండి. చెవిలో దూది పెట్టుకుంటే పోతుంది. మర్యాద ఉంది చూశారూ, దానికి దూది పనిచెయ్యదు." స్టూలు మీద కూర్చోబెట్టి, తనే ఇంటి ఓనరై, కుశలం అడిగి, "ఏమీ అనుకోకండి, చుట్టుపక్కలవాళ్ళే" అని నిట్టూర్చాడు.

"అయ్యో, ఫరవాలేదండి. ఇంతకీ ఎప్పుడు దిగమంటారు?" అన్నాడు పంతులు.

"లేదని చెప్పానండి."

"ఎప్పుడు చెప్పారు?"

పుట్టాక కాదనిపించుకోని మనిషికి కాదన్నా వినపడదు. ఆ ఒక్క ముక్క చెవిన పడడానికి మూడు రోజులు పట్టింది. మూడో రోజు సాయంత్రం పంతులు మొహం ఒక్కసారిగా పాలిపోయింది. "అంటే... ఇవ్వరా?" అన్నాడు. చాంద్ బాషాకి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఈ పాఠాలకి మజ్జిగ కూడా కావాలి గనక పంతులు దాన్ని ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకునేవాడు. అందులోనూ ఒక పాఠం ఉంది గానీ, అది సిలబస్‌లో పెట్టలేదు.

నాలుగో రోజు పరీక్ష. "పేరు వసీమ్. పొద్దున తొమ్మిదికి బయల్దేరి ఇల్లు వెతకాలి. అసలు పేరు చెప్పకూడదు, కోపం తెచ్చుకోకూడదు. సాయంత్రం ఆరింటికల్లా మీ ఇంట్లో అడుగు పెడితే పాస్."

"నా ఇంట్లోకి నేనెళ్ళడం కూడా పరీక్షేనా?" అని పంతులు నవ్వాడు.

చాంద్ బాషా కావాలనే సులువు పేపరు ఇచ్చాడు. పంతులు తప్పితే ఫాతిమా పెంకుల మీదికే.

పంతులు లుంగీ కొంటానన్నాడు, తెల్ల టోపీ కొంటానన్నాడు. "మీ ట్యాంకులోకి దిగినప్పుడు నా నెత్తిన టోపీ చూశారా ఎప్పుడైనా? పేరు చాలండి" అన్నాడు చాంద్ బాషా. అయినా పిలక దాచాలి గనక పిల్లల క్రికెట్ టోపీ ఒకటి తగిలించి పంపాడు. తను సైకిలు మీద వెనకాల, పరీక్షాధికారిలాగ.

మొదటి ఇంట్లో పంతులికి రాజభోగం. ఇంటావిడ గదులు చూపించింది, కుళాయి తిప్పి చూపించింది, తులసికోట ఎటు పెట్టుకోవచ్చో చెప్పింది. "పేరేంటండి?" అంది. చెప్పాడు. ఆవిడ కుళాయి కట్టేసింది. మజ్జిగ తెచ్చింది. నాలుగింటికల్లా పదకొండు ఇళ్ళయ్యాయి. ఒకాయనైతే పేరు పూర్తిగా నోరు దాటకముందే, "ఏమీ అనుకోకండి, మొన్ననే మా బావమరిదికి ఇచ్చేశామండి, వాడింకా పెళ్ళి చేసుకోవాల్సి ఉంది, అయినా ఇచ్చేశాం" అన్నాడు. పంతులు పదకొండు గ్లాసులతో ఉబ్బిన పొట్ట పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాడు.

"బాషా, వీళ్ళలో ఏడుగురి ఇళ్ళకి గృహప్రవేశం నేనే చేయించానయ్యా. పేరు విన్నాక ఒక్కరూ నా మొహం చూడలేదు."

"కోపమొస్తోందాండి?"

"లేదు. సిగ్గేస్తోంది."

"అది మంచిదేనండి."

అయిదున్నరకి సౌజన్య కాలనీలోకి వచ్చారు. అప్పటికే ఫోన్లు పరిగెత్తాయి: వసీమ్ అనే ఒకాయన ఊరంతా ఇల్లు అడుగుతున్నాడట, మోటారు బాషా వెనకుండి తిప్పుతున్నాడట. పంతులు లేనప్పుడు ఆడకూతురు మొహమాటపడి ఎక్కడ ఇచ్చేస్తుందోనని, కాలనీ సంఘం సెక్రటరీ పాండురంగారావు వచ్చి పంతులు వరండాలోనే కూర్చున్నాడు. రిటైరైన సూపరింటెండెంటు. రిటైరైనా ఫైళ్ళు మూయడం అలవాటు పోలేదు. చుట్టుపక్కల గోడల మీద అరడజను తలలు.

పంతులు గేటు గడియ మీద చెయ్యి వేశాడు.

"ఏవండీ, ఎవరు కావాలి?" అన్నాడు పాండురంగారావు లేవకుండానే. "పేరు?"

పంతులు వెనక్కి చూశాడు. చాంద్ బాషా తల అడ్డంగా ఊపాడు. ఇంకా అరగంట ఉంది.

"వసీమండి. మేడ మీద వాటా ఖాళీ అని..."

భార్య వెంకటసుబ్బలక్ష్మి తలుపు దగ్గరికొచ్చింది. క్రికెట్ టోపీ కింద ఉన్నది తన మొగుడేనని ఆవిడకి ఒక్క చూపులోనే తెలిసింది. పాండురంగారావు మొహం చూసింది, గోడల మీది తలలు చూసింది.

"మా ఆయన ఇంట్లో లేరండి. వచ్చాక అడిగి చెప్తాను" అంది.

"లక్ష్మీ" అన్నాడు పంతులు నీరసంగా.

"పేరు పెట్టి పిలుస్తున్నారేంటండి ఈయన?" అన్నాడు పాండురంగారావు.

అయిదూ ముప్పావుకి పంతులు ఇంక ఆగలేకపోయాడు. టోపీ తీసేశాడు. "నేనేనయ్యా. సోమసుందరాన్ని. ఆకలేస్తోంది, గేటు తియ్యండి."

పాండురంగారావు జాలిగా చూశాడు. "చూడ్డానికి మా పంతులు గారిలాగే ఉన్నారండి, కాదనను. కానీ ఇల్లు కోసం పేరు మార్చుకోవడం కొత్తేం కాదు కదా. ఈ బాషా గారే మూడేళ్ళ కిందట చంద్రం అని చెప్పుకుని మా ఎదురింటికొచ్చారు."

అది నిజమే. చాంద్ బాషా సైకిలు బెల్లు తుడుచుకున్నాడు.

పంతులు చొక్కా గుండీలు విప్పి జంధ్యం చూపించాడు. నూలుపోగులు బజార్లో దొరుకుతాయన్నాడు పాండురంగారావు. పంతులు మంత్రం ఎత్తుకున్నాడు. ఈమధ్య క్యాసెట్లు వచ్చాయండి, అన్నారు గోడ మీదవాళ్ళు.

"లక్ష్మీ, నువ్వైనా చెప్పు."

ఆవిడ కొంగు చివర నలుపుతూ చిన్నగా అంది: "మా ఆయన ఇంట్లో లేరని ఒకసారి చెప్పేశానండి. ఇప్పుడు మాట మారిస్తే చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారు?"

"మన ఊరు మర్యాదకి పెట్టింది పేరండి" అన్నాడు పాండురంగారావు, ఎవరూ అడక్కుండానే. "ఎక్కడెక్కడి దేశాల పక్షులో కొల్లేటికి వస్తాయి. ఏనాడైనా పొమ్మన్నామా?"

"అవి మేడ మీద వాటా అడగవు కదండి" అన్నాడు చాంద్ బాషా.

అప్పుడు అందరూ అతని వైపు తిరిగారు. పాండురంగారావుకి ఒక దారి దొరికింది. "ఆఁ, మీరున్నారు కదా. మీవాళ్ళెవరో మీకు తెలుస్తుంది. ఈయన వసీమా, మా పంతులా? మీరు ఏమంటే అది. మీరు అబద్ధమాడరని కాలనీ మొత్తానికి తెలుసండి."

"చంద్రం అని చెప్పానన్నారు?"

"అది ఇల్లు కోసం. ఇల్లు విషయంలో తప్ప ఆడరు."

ఆరింటికి అయిదు నిమిషాలు. చాంద్ బాషా సైకిలుకి స్టాండు వేసి పంతులు దగ్గరికెళ్ళాడు. నిజం నోటి దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపాడు. నాలుగేళ్ళలో అతని మాటకి విలువ వచ్చింది ఈ అయిదు నిమిషాలే.

"తాళంచెవి ఇవ్వండి" అన్నాడు మెల్లగా.

పంతులు మొలతాడుకి మేడ మీద వాటా తాళంచెవి ఎప్పుడూ ఉంటుంది. చెయ్యి అక్కడికి వెళ్ళింది, ఆగింది. "అసలు పేరు చెప్పేశాను కదా బాషా. రూలు ప్రకారం తప్పాను."

"తప్పినవాళ్ళు బయటే ఉంటారండి. పాసైనవాళ్ళే ఇంట్లోకెళ్తారు. మీరు పాసా, ఫెయిలా? మీ ఇష్టం."

"ఏమీ అనుకోకండి బాషా గారూ, చుట్టుప..."

పంతులు నోరు అక్కడే ఆగిపోయింది. ఆ మాట పొద్దుటి నుంచీ పదకొండుసార్లు చెవిన పడింది. పన్నెండోసారి తన నోట్లోంచే వస్తుంటే, తాగిన మజ్జిగంతా గొంతులోకొచ్చింది. గోడ మీది తలలు చూశాడు. తన గేటు చూశాడు. మొలతాడు ముడి విప్పి తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

"పంతులు గారేనండి. నాది పూచీ" అన్నాడు చాంద్ బాషా.

గేటు తెరుచుకుంది. పంతులు లోపల అడుగు పెట్టేసరికి గోడ గడియారం ఆరు కొట్టింది. అతని వెనకాలే చాంద్ బాషా లోపలికొచ్చి, పక్కగా మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

"ఏవండీ, మోటారేమైనా పాడైందా?" అన్నాడు పాండురంగారావు.

"లేదండి. అద్దెకి దిగాను."

"ఏమీ అనుకోకండి బాషా గారూ, ఇలా అయితే..."

"నేనేం అనుకోనండి" అన్నాడు చాంద్ బాషా పైమెట్టు మీంచి. "మీరే ఏమైనా అనుకోండి."

మర్నాడే ఫాతిమాని, రెండు మంచాలని ట్రాలీ ఆటోలో తెచ్చి దింపాడు. పాండురంగారావు సంతకాల కాగితం తిప్పాడు. ఆ వారంలోనే వాళ్ళింట్లో మోటారు కాలింది. కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు.

పంతులు ప్రయాణం ఆగస్టులో పడింది. ఆ రోజు పొద్దుటి నుంచీ వాన. తమ్మిలేరు నిండుగా ఉందని మాట. ఫాతిమా మేడ మీది వసారాలో పిట్టగోడ దగ్గర కుర్చీ వేసుకుని తన పాత ఇంటి వైపే చూస్తోంది. పంతులు పెట్టె వరండాలో పెట్టి మేడెక్కాడు.

"బాషా గారూ, ఒక్క మాట. అక్కడెవరైనా నన్ను గేటు దగ్గర నిలబెడితే, నేను నేనేనని చెప్పడానికి ఎవరున్నారండి?"

చాంద్ బాషా అతని చేతుల వైపు చూశాడు. "మీకు చేతిపని ఏదైనా వచ్చాండి?"

"మంత్రం వచ్చు."

"క్యాసెట్లు ఉన్నాయన్నారు కదండి."

పంతులు చేతి గడియారం చూసుకున్నాడు.

"రైలెన్నింటికండి?"

"రెండింటికి."

"అయితే మూడు గంటలుంది. పంచె ఎగ్గట్టి ఇలా కూర్చోండి." చాంద్ బాషా విప్పిన మోటారు ఒకటి ఇద్దరి మధ్యకి లాగాడు. రాగితీగ చుట్ట పంతులు చేతిలో పెట్టాడు. "వదులైతే కాలిపోతుంది. బిగిస్తే తెగిపోతుంది. చుట్ల లెక్క తప్పకండి."

తీగ రెండుసార్లు తెగింది. కొత్త పంచె మీద గ్రీజు పడింది. ఫాతిమా లేచి వచ్చి, అడక్కుండానే ఒక గ్లాసు మజ్జిగ పక్కన పెట్టి వెళ్ళింది. పంతులు ఎడంచేత్తో తీసుకుని గటగటా తాగి, కళ్ళు తీగ మీంచి తిప్పకుండా గ్లాసు కింద పెట్టాడు. స్టేషనుకి వెళ్ళే ఆటో కింద మూడోసారి హారన్ కొట్టింది. వెంకటసుబ్బలక్ష్మి మెట్ల దగ్గరికొచ్చి పిలిచింది.

"ఉండవే" అన్నాడు పంతులు. "యాభై మూడు... యాభై నాలుగు..."