వీధికో బల్లి

మా ఊరి అభివృద్ధికి ఈ ఏడాది వేసిన ప్రణాళికలో "వీధికో బల్ల" అని ఉండాల్సిన చోట "వీధికో బల్లి" అని పడింది. టైపు కొట్టినాయన ఎవరూ అడగని చోట గుడి పెట్టాడు. మునిసిపాలిటీ సభ్యులంతా చదవకుండానే సంతకాలు చేసి, చప్పట్లు కొట్టి, ఇళ్ళకి పోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా వీధికి ఆ బల్ల కావాలని అడిగింది మా అత్తగారు. ఆవిడ చెల్లెలు, మా చిన్నత్త, ఇదే వీధికి ఆ చివర ఉంటుంది. ఇద్దరికీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఎవరికి వారు సగం వీధి దాకా నడవగలరు. అక్కడ కాసేపు కూలబడే చోటు లేక వెనక్కి తిరగాల్సిందే. ఫోనులో మాట్లాడుకోమందామంటే చిన్నత్తకి బ్రహ్మచెవుడు. నేను కుర్చీ మోసుకొస్తానంటే అత్తగారికి నామోషీ. "నేనేమన్నా ఊరేగింపుకి పోతున్నానా?" అంటుంది. అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడాది దాటింది.

నేను మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను. ఛైర్మన్‌గారి ముందు మాత్రం చక్కటి బల్ల ఉంది. దాన్ని గుద్ది మరీ అడిగాను.

"అచ్చుతప్పేనమ్మా, కాదనను. కానీ దిద్దాలంటే వచ్చే ఏడాదే. ఈలోగా బల్లి పెట్టకపోతే అభివృద్ధి ఆగిపోయిందంటారు."

"బల్లి ఎవరికి కావాలండీ?"

"ప్రజలకే! అన్ని సంతకాలున్నాయిగా."

బల్లలు చెయ్యాల్సిన వడ్రంగికే బల్లుల పనీ అప్పగించారు. పాపం, అతను తన షెడ్డులో తిరిగేదాన్నే డబ్బాలో పెట్టి మా వీధి మధ్యకి తెచ్చాడు. ఛైర్మన్ రిబ్బను కత్తిరించి మూత తీశాడు. బల్లి ఆయన చొక్కా మీదుగా పాకి, పక్కింటి కిటికీలో దూరింది. లోపల ఎవరో కెవ్వుమన్నారు. పట్టుకోబోయిన వడ్రంగి చేతిలో తోక మాత్రం మిగిలింది.

"పని కొంత అయిందండీ," అని దాన్ని చూపించాడు.

"బల్లి వీధిలో నిలవకపోతే పని పూర్తయిందని ఎలా రాయను?" అని ఛైర్మన్ తల పట్టుకున్నాడు.

నా భుజం పట్టుకుని అక్కడిదాకా నడిచొచ్చిన మా అత్తగారు అప్పుడు నోరు విప్పింది. "గోడ లేకుండా బల్లి ఎక్కడుంటుంది నాయనా?"

అందరూ నోరెళ్ళబెట్టారు. అంతమందిలో ఒక్కరికీ ఈ ముక్క తట్టలేదు.

"ఎంత ఎత్తు కట్టమంటారు?" అన్నాడు ఛైర్మన్.

"మోకాలెత్తు చాలు. పైనుంచి పడితే దానికి దెబ్బ తగలదూ? పైన నున్నగా ఉండాలి."

"పొడుగు?"

"ఇద్దరు పట్టేంత," అనేసి నాలిక్కరుచుకుంది. "అదే, రెండు పట్టేంత. ఒక్కర్తే ఉంటే దానికి మాత్రం ఏం తోస్తుంది?"

నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాను. నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

గోడ కట్టారు. అది ఆరిన సాయంత్రమే అత్తగారు ఇటునుంచీ చిన్నత్త అటునుంచీ కాళ్ళీడ్చుకుంటూ వచ్చి దానిమీద కూలబడ్డారు. చాలాసేపు ఇద్దరికీ ఆయాసమే సరిపోయింది.

"ఎంత చిక్కిపోయావక్కా!" అంది చిన్నత్త కళ్ళొత్తుకుంటూ. తర్వాత గోడని తడిమి చూసింది. "ఇదెందుకు కట్టారు?"

"బల్లి కోసం!" అని అరిచింది అత్తగారు.

"బల్లేమిటి, గోడైతేనూ! నాకు పోయింది చెవులే, కళ్ళు కాదు."

అత్తగారు ఇంకా నవ్వుతుండగానే ఛైర్మన్ కెమెరాతో దిగాడు. "లేవండమ్మా, లేవండి! అది బల్లి చోటు. ఫొటో తియ్యాలి!"

"బల్లినే వచ్చి అడగమను, లేస్తాం."

ఆయన చేతులూపుతూ కేకలు మొదలెట్టాడు. చిన్నత్త అయోమయంగా చూసింది. "ఏమంటున్నాడక్కా ఆ అబ్బాయి?"

అత్తగారు చెల్లెలి చేతిని తన ఒళ్ళోకి లాక్కుని, చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది.

"ఇంకాసేపు కూర్చోమంటున్నాడే!"